కార్చిచ్చు – నేలసారము

మన్యపు అంచున బడిపంతులుగా నున్న దినములలో, కాలిన కొండవాలునుండి తొలివానకు నల్లనీరు వాగులో కలియుట చూచితిని. కొండసారమే అట్లు కొట్టుకొనిపోవుచుండెను.

రాలిన ఆకు క్రుళ్లి ఏర్పడు సేంద్రియ కర్బనము అడవిలో నేల పైపొరను హెచ్చుగా నుండును. కార్చిచ్చు మొదట దానినే దహించును. కొంత మాత్రము బొగ్గై శతాబ్దములు నిలుచును. పచ్చికబీళ్లలో అది వేళ్లతో నేలలోపల నుండును గనుక, పైపైని సాగు మంటకు అంతగా చెడదు.

పూర్వము పోడు కొట్టినవారు కాల్చిన నేలను పెక్కేండ్లు విడిచెడివారు. అడవి మొలచి సారము మరల కూడెడిది. 1882 నాటి మదరాసు అటవీచట్టము రిజర్వు అడవులలో నిప్పిడుటను నిషేధించెను. పోడుపై నిర్బంధము హెచ్చెను. 1922లో మన్యము అల్లూరి సీతారామరాజు వెంట నడచుటకు ఇదియు నొక కారణము. పోడుకు చోటు తగ్గగా విరామమును తగ్గెను; సారము తరిగెను.

పెద్దలారా! నిప్పిడుటకు ముందు, ఆ నేలకు ఎన్నేండ్లు విశ్రాంతి నీయగలమో లెక్క చూడుడు.