కడచీల నుంచి స్ప్లిట్ పిన్ దాకా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లను కలిపే దారి ఇప్పుడు 42వ నంబరు జాతీయ రహదారి. ఒకప్పుడు దాని నంబరు 219. 1864లో బెంగళూరు దాకా పడిన రైలు మార్గం కుప్పం మీదుగా పోయింది గానీ పుంగనూరుకు రైలే రాలేదు, మదనపల్లె రోడ్డు స్టేషనేమో ఊరికి మైళ్ల దూరం. అందుకే ఈ మెరక సీమలో సరుకు మోత ముందు ఎద్దులబండి మీద, ఆ తర్వాత లారీ మీద పడింది. బండికి స్టీరింగ్ లేదు, మలుపు ఎద్దుల పని. చక్రం ఇరుసు నుంచి జారిపోకుండా కాసేది కడచీల. లారీలో స్టీరింగ్ కడ్డీలైన టై రాడ్, డ్రాగ్ లింక్ కొసల్లోని బాల్ జాయింట్లకు గాడుల నట్టు, దానికి అడ్డంగా స్ప్లిట్ పిన్ వచ్చాయి. చూపుకు రెండు పిన్నులదీ ఒకటే పని. ఆ పోలికే బిగింపు సంగతిని వెనక్కి నెట్టిందని నా అభిప్రాయం.

బండి చక్రానికి కాస్త ఆట ఉండాలి, లేకపోతే తిరగదు. కడచీల చక్రాన్ని బిగించదు, ఊడిపోనివ్వదు, అంతే. స్టీరింగ్ బాల్ జాయింట్ నడక వేరు. దాని కాడ కొసకు పోనుపోను సన్నబడుతుంది. నట్టు లాగినకొద్దీ అది స్టీరింగ్ ఆర్మ్ రంధ్రంలో కూరుకుని పట్టేస్తుంది. బరువు మోసేది ఆ పట్టే. పిన్ను ఉన్నది నట్టు తిరిగిపోకుండా చూడడానికే. నట్టు వదులైతే పిన్ను చెక్కుచెదరకుండానే కాడ రంధ్రంలో కదులుతుంది, రంధ్రం కోలగా అరుగుతుంది. ఆపైన ఎంత బిగించినా పట్టు రాదు. విప్పేటప్పుడూ ఇదే లెక్క. మర మీద సుత్తి వేస్తే మర చెడుతుంది, జాయింటు మాత్రం కదలదు. నట్టును నాలుగు మరల మీద ఉంచి పుల్లర్ వేయాలి, లేదా ఆర్మ్ కంటికి ఒకవైపు బరువైన ఇనుము ఆన్చి రెండోవైపు కొట్టాలి. తిరిగి బిగించాక పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త ముందుకే తిప్పాలి. కలుస్తుందని వెనక్కి వదలడం పెద్ద తప్పు.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 98వది స్టీరింగ్ గురించి. స్టీరింగ్ చక్రంలో ఆట 30 డిగ్రీలు దాటకూడదు, బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలుండాలి, బోల్టులూ పిన్నులూ గట్టిగా లాక్ అయి ఉండాలి అంటుంది. ఎంత బిగించాలో అందులో లేదు. తప్పు పట్టను, తనిఖీ చేసేవాడి కంటికి పిన్ను కనిపిస్తుంది, బిగింపు కనిపించదు. ఇక్కడొక అభ్యంతరం రావచ్చు. బిగింపు కొలిచే టార్క్ పానా లేకుండానే పాతకాలపు మెకానిక్కులు టమాటా లారీలను, గ్రానైట్ లారీలను ఘాట్ రోడ్లు దాటించారు కదా, చేతి అంచనా చాలదా? కొంత నిజమే, అనుభవం ఉన్న చెయ్యి చాలా దూరం వస్తుంది. కానీ చేతికి తెలిసేది నట్టు తిరగడంలో ఉన్న బిగువు, కాడ మీద పడిన లాగుడు కాదు. తుప్పు పట్టిన మర ఎక్కువ బిగిసినట్టు, నూనె తగిలిన మర తక్కువ బిగిసినట్టు మాయ చేస్తుంది. టార్క్ పానాకూ ఆ మాయ తగులుతుంది కాబట్టే ముందు మర తుడవాలంటారు. ఆ పానా పుట్టింది బండ్ల కోసం కాదు. 1918లో న్యూయార్క్ నీటి శాఖలో కాన్రాడ్ బార్ పైపుల బోల్టులు అతిగా బిగించకుండా ఉండటానికి తయారుచేశాడు. ఇప్పటి కార్లలో చాలావాటికి గాడుల నట్టూ లేదు, స్ప్లిట్ పిన్నూ లేదు. స్వయంగా పట్టుకునే నట్టు వచ్చింది. కడచీల కాలం నుంచి కన్ను వెతికిన ఆనవాలు ఇక లేదు కాబట్టి మాన్యువల్లో రాసిన అంకె, చేతిలోని టార్క్ పానా మిగిలాయి. ఆ నట్టును ఒకసారి విప్పితే దాని స్థానంలో కొత్తది వేయాలి.