రంగము పోయిన కోరంగివారు

గోదావరి పాయ యొకటి సముద్రమును చేరుచోట కోరంగి యను ఊరు కలదు. ఒకప్పుడది ఓడలు కట్టిన గొప్ప రేవు. 1839వ సంవత్సరపు ఉప్పెనలో పాడైనది; నేడు మడయడవులవలననే దాని పేరు వినుచున్నాము. కాని ఆ పేరు సముద్రము దాటి, బర్మాదేశములో తెలుగువారి కందఱకును పేరైనది. శ్రీకాకుళమువాడు కానిండు, విశాఖవాడు కానిండు, రంగూనులో దిగినంతనే అతడు కోరంగివాడే.

మనవారు రంగూనును రంగమనిరి. "రంగము పోయినాడు" అని మా పెద్దలు చెప్పునప్పుడు ఆ మాటలో ఆశ యెంతయో దిగులును అంతయే వినబడుచుండెడిది.

1852లో ఆంగ్లేయులు రంగూనును పట్టుకొనిరి. 1869లో సూయజు కాలువ తెఱచినపిమ్మట బర్మా బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. బర్మా రైతులు ఐరావతీ తీరమున క్రొత్త పొలములు సాగుచేసికొనుచుండిరి. మిల్లులలో, రేవులో బస్తాలు మోయుటకు మనుష్యులు కావలసివచ్చిరి. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి పొగయోడలు వారిని కొనిపోయినవి.

కొనిపోయినది ఓడ, పిలుచుకొనిపోయినవాడు మేస్త్రీ. ఇంట గింజలు లేని దినములలో పల్లెకు వచ్చి బయానా యిచ్చును, ఓడకూలి తాను కట్టును, నోటు వ్రాయించుకొనును. రంగూనులో కంట్రాక్టరు, అతని క్రింద పెద్దమేస్త్రీ, చార్జిమేస్త్రీ, ముఠామేస్త్రీ. కంపెనీ యిచ్చిన కూలి యిన్ని చేతులు దాటి, చేయిచేయికి తఱిగి, మోసినవానికి చేరును. అప్పు తీరువఱకు ముఠా విడుచుటకు వీలులేదు.

మేస్త్రీని నిందించుట సులభము. నిందింపదగినదియు కొంత కలదు. అయినను అతడును తఱచు బస్తా మోసి పైకి వచ్చినవాడే. దొరతో హిందూస్తానీ, కూలితో తెలుగు, బజారులో బర్మా మాటలు నాలుగు నేర్చెను. కూలి పారిపోయినను, జబ్బున చచ్చినను, ఇచ్చిన బయానా మునుగును. ఆ నష్టమును ముందే లెక్కగట్టి తక్కినవారి కూలిలో కోసికొనెను. అతని వ్యాపారపు తెలివియు, అతని పాపమును ఒకే పద్దులో ఉన్నవని నా యభిప్రాయము.

రంగములో గడించినవారిలో మల్లాడి సత్యలింగ నాయకరుగారి పేరు గోదావరి సీమలో నేటికిని వినబడును. ఆయన యాస్తితో వెలసిన ధర్మసంస్థ కాకినాడ జగన్నాథపురములో బీదబాలురకు చదువు చెప్పించినది. ఆ బడిలో అక్షరములు దిద్దినవారి తాతలు ఎందఱు రంగూను రేవులో మోసియుందురో!

1931 నాటి జనాభాలెక్కలో రంగూను నగరములో సగముకంటె ఎక్కువమంది భారతీయులే. అంతకు ముందటి యేడే, 1930 మే నెలలో, తెలుగు రేవుకూలీలు కూలి పెంచుమని సమ్మెకట్టిరి. యజమానులు బర్మావారిని పనిలోనికి దింపిరి. సమ్మె తీరగానే వారిని పొమ్మనిరి. నగరము రక్తసిక్తమైనది. నూఱుమందికి మించి చచ్చిరి, వారిలో తెలుగువారే హెచ్చు. కూలివానికిని కూలివానికిని జరిగిన ఆ పోరులో యజమానికి గాయము తగులలేదు.

1937లో బర్మా భారతదేశమునుండి వేఱుపడెను. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూనుపై పడెను. ఓడ దొరకనివారు అడవులబట్టి అరకాను మీదుగా, మణిపురము మీదుగా నడచిరి. త్రోవలో రాలినవారికి లెక్కలేదు. యుద్ధానంతరము మరల పోయినవారును కలరు. 1964లో అచ్చటి సైనిక ప్రభుత్వము దుకాణములను స్వాధీనపఱచుకొని, నూఱు, ఏబది క్యాతుల నోట్లు చెల్లవనెను. ఆ దెబ్బతో మిగిలినవారిలో పెక్కుమంది కట్టుబట్టలతో తిరిగివచ్చిరి.

విశాఖపట్టణములో అట్టివారు స్థిరపడిన పేటను బర్మాక్యాంపు అందురు. అచ్చట బర్మావంటకమైన ఖౌస్వేను వండి అమ్మువారు కలరు.