గోదావరి ఒడ్డు బాణీలు, కోడంబాకం వయొలిన్లు

ధర్మపురి దగ్గర గోదావరి దక్షిణానికి తిరుగుతుంది. ఆ మలుపులో ఉన్న నరసింహస్వామిని ఉద్దేశించి సుమారు రెండు శతాబ్దాల కిందట శేషప్ప కవి నరసింహ శతకం చెప్పాడు. ప్రతి పద్యం చివర మకుటంలో ఊరి పేరు పలుకుతుంది. అందుకే ధర్మపురి ఎక్కడుందో తెలియని కోస్తా పల్లెటూరి పిల్లవాడికి కూడా ఒకప్పుడు ఆ పేరు నోటికొచ్చేది. పద్యం శేషప్పది, సరే. దాన్ని పాడే బాణీ ఎవరిది?

దానికి కర్తంటూ ఎవరూ లేరు. శతకం సీసంలో సాగుతుంది. సీసపాదం ఒక్కోదానిలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉంటాయి. ఇంత పొడుగు పాదాన్ని ఒక్క ఊపిరిలో చెప్పడం కష్టం. పాడేవాడు నాలుగు గణాల దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని మిగతా నాలుగు అందుకుంటాడు. అలాంటి పాదాలు నాలుగు అయ్యాక కింద ఎత్తుగీతి వస్తుంది. అక్కడ నడక పొట్టిదవుతుంది, గొంతు దిగుతుంది, మకుటం మీద నిలుస్తుంది. ఏ రాగంలో ఎత్తుకోవాలి, ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ తుంచేయాలి అన్నది బడిపంతులు, భజన గురువు, నాటకాల నటుడు ఎవరికి వారే తేల్చుకున్నారు. సంగీత దర్శకుడు హార్మోనియం ముందు కూర్చుని చేసే పని ఇదే. ఇక్కడ దాన్ని పేరు లేకుండా, డబ్బు లేకుండా తరతరాలుగా చేశారు.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఇలాంటి బాణీలకు కొదవ లేదు. మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పే ఒగ్గు పూజారులు, చిరుతలు పట్టుకుని రామాయణం ఆడే యువకులు, ఇంటింటి ముందు కథ చెప్పే బుడగ జంగాలు, దీపావళి రోజుల్లో దండారి ఆడే గోండులు, పూల చుట్టూ చప్పట్లు చరుస్తూ తిరిగే బతుకమ్మ ఆడపడుచులు, అందరి దగ్గరా రాగముంది, తాళముంది. కర్త పేరు మాత్రం ఎక్కడా లేదు. సినిమా వచ్చేదాకా ఆ లోటు ఎవరికీ పట్టలేదు. తెర మీద టైటిల్స్ పడాలి, టైటిల్స్‌లో ‘సంగీతం’ అన్న మాట ఎదురుగా ఒక పేరుండాలి. చిక్కు అక్కడ మొదలైంది.

తొలి తెలుగు టాకీ 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’. అదీ నరసింహుడి కథే. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమాకు సంగీతం హెచ్.ఆర్. పద్మనాభశాస్త్రి చేశారు. పాటలు రాసిన చందాల కేశవదాసు ఖమ్మం ప్రాంతం వారు. అంటే తెలుగు తెర మొదటి పాటల వెనక ఉన్నది తెలంగాణ కలం. కానీ ఆ తర్వాత దశాబ్దాల పాటు తెలుగు సినిమా పాట ఊరు మద్రాసే. గోదావరి పై ఒడ్డుల నుంచి అక్కడికి దారి చాలా దూరం.

దూరమంటే మైళ్ల లెక్క ఒక్కటే కాదు. మద్రాసులో పాట తయారయ్యే పద్ధతి వేరు. సంగీత దర్శకుడు బాణీ కడతాడు. సహాయకుడు దాన్ని స్వరాల్లో రాసుకుంటాడు. తర్వాత అరేంజర్ వస్తాడు. పల్లవి ముందు ఏం మోగాలి, పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్లు ఏం చెప్పాలి, ఫ్లూటు ఎక్కడ జవాబివ్వాలి, కింద ఏ కార్డులు నడవాలి అన్నది ఆయన పాశ్చాత్య నొటేషన్‌లో రాసి వాద్యగాళ్ల ముందు పెడతాడు. కోడంబాకం స్టూడియోల్లో గాయకులు, వయొలిన్ బృందం, తబలా, డోలక్ అందరూ ఒకేసారి కూర్చుని వాయించాల్సిందే. ఒకరు తప్పితే టేకు మళ్లీ మొదలు. నొటేషన్ చదవడం వచ్చినవాడికే అక్కడ కుర్చీ. పాశ్చాత్య సంగీతం బాగా తెలిసిన మాస్టర్ వేణు తెలుగు పాటలోకి హమ్మండ్ ఆర్గాన్ తెచ్చాడు, అదే మనిషి 1955లో ‘రోజులు మారాయి’కి పల్లె నడకను పట్టుకున్నాడు. ఈ రెండూ ఒకే చేతిలో ఇమడడం అరుదు.

ఈ లోకంలోకి ఉత్తర తెలంగాణ నుంచి గట్టిగా అడుగు పెట్టిన తొలివాళ్లలో ఒకడు పాటగాడు కాదు, కవి. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలో చదివాడు, పల్లెలో హరికథలు, ఒగ్గు కథలు వింటూ పెరిగాడు. 1962లో ‘గులేబకావళి కథ’కు పాటలన్నీ ఆయనే రాశాడు. జోసెఫ్, విజయా కృష్ణమూర్తి జంట వాటికి సంగీతం కూర్చింది. ఉర్దూ గజల్ ఊపు, పల్లెపాట నడక తెలిసిన కవి దొరికితే స్వరకర్త పని సగం తేలికవుతుంది. ఆయన మాటల్లో లయ ముందే కూర్చుని ఉంటుంది. నారాయణరెడ్డి మద్రాసుకు పట్టుకెళ్లిన తెలంగాణ సంగీతం ఆ లయలోనే ఉందని చెప్పవచ్చు. దాన్ని ఎవరూ సంగీతం కింద లెక్కవేయలేదు.

బాణీ నేరుగా తెర మీదికి రావడానికి 1980 దాకా ఆగాల్సి వచ్చింది. బి. నర్సింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’కి వింజమూరి సీతాదేవి సంగీతం చేశారు. ఆకాశవాణి హైదరాబాద్‌లో జానపద సంగీతం చూసిన మనిషి ఆమె. పల్లె గొంతుకు ఎంత వాద్యం అవసరమో ఆమెకు తెలుసు. బండి యాదగిరి పాటను గద్దర్ తెర మీద పాడుతుంటే వెనక వయొలిన్ల వరస లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. అరేంజర్ నేర్పు కొన్నిసార్లు వదిలేయడంలో ఉంటుందని తెలుగువాళ్లకు ఆ సినిమా వినిపించి చూపింది.

ఆదిలాబాద్ వైపు దండేపల్లి దగ్గరి లింగాపూర్‌లో 1955లో పుట్టిన గూడ అంజయ్య పాట మరో దారిలో నడిచింది. ‘ఊరు మనదిరా’ సభల్లో పుట్టి, ఊళ్లన్నీ తిరిగి, ఎన్నో భాషల్లోకి వెళ్లి, ఆర్. నారాయణమూర్తి సినిమాల్లోనూ వినిపించింది. ఆ సినిమాలకు ఎక్కువగా సంగీతం చేసిన వందేమాతరం శ్రీనివాస్ ఖమ్మం జిల్లా నుంచి ప్రజానాట్యమండలి దారిన వచ్చినవాడు. 1985 నాటి ‘వందేమాతరం’ సినిమాలో చక్రవర్తి సంగీతంలో పాడిన పాటే ఆయన ఇంటిపేరయింది. 1997లో ‘ఒసేయ్ రాములమ్మ’ వచ్చేసరికి డప్పు దరువు, ఎత్తైన గొంతు పెద్ద థియేటర్లలో వ్యాపారం చేయగలవని తేలిపోయింది. అంజయ్య లాంటి కవులు పాటతో పాటే దాని బాణీని కూడా కట్టుకుని వస్తారు. సంగీత దర్శకుడు అక్కడ నిజానికి అరేంజర్. టైటిల్ కార్డు ఆ తేడా చెప్పదు.

ఈలోగా పరిశ్రమే చోటు మారింది. 1976లో హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. షూటింగులు ముందు వచ్చాయి, పాటలు మాత్రం చాలా కాలం మద్రాసులోనే మిగిలాయి. 900కు పైగా సినిమాలకు సంగీతం చేసిన చక్రవర్తి దగ్గర రాజ్, కోటి, తర్వాత కీరవాణి పనిచేసి చేయి తిరిగినవాళ్లయ్యారు. రాజ్–కోటి జంట 1983లో ‘ప్రళయ గర్జన’తో బయటికొచ్చింది. వాళ్ల పాటల్లో కీబోర్డు వాయించిన కుర్రాడే ఏ.ఆర్. రహమాన్. మణిశర్మ కూడా కీబోర్డు దగ్గరి నుంచే వచ్చాడు. అరేంజర్ కాగితం మీద రాసే పని కీబోర్డు, కంప్యూటర్ లోపలికి వెళ్లిపోయింది. అరవై మంది వయొలినిస్టులను పిలవకుండా ఒక గదిలో పాట కట్టడం కుదిరింది. మద్రాసు వాద్యగాళ్లు ఎందరో దీనివల్ల పని పోగొట్టుకున్నారు, ఆ నష్టం చిన్నది కాదు. అదే గది మరో తలుపు తెరిచింది. కోడంబాకంలో మేనమామలు లేని తెలంగాణ కుర్రాడు హైదరాబాద్‌లోనే ఉండి సంగీత దర్శకుడు కావచ్చు.

ఆ తలుపులోంచి వచ్చినవాడు చక్రి. అసలు పేరు గిల్లా చక్రధర్. 1974లో మహబూబాబాద్ దగ్గరి కంబాలపల్లిలో పుట్టాడు. ఊళ్లో పాట బృందం, ప్రైవేటు ఆల్బమ్‌లు, ఆ తర్వాత హైదరాబాద్. 2000లో పూరి జగన్నాథ్ ‘బాచి’తో అవకాశమిచ్చాడు. ఆడిన సినిమా కాదది. అయినా పూరి అతన్ని వదల్లేదు. 2001లో ‘ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం’, 2002లో ‘ఇడియట్’, 2003లో ‘అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి’, ‘శివమణి’. మూడేళ్లు తిరిగేసరికి ఆటోల్లో, పెళ్లి ఊరేగింపుల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో అతని పాటలే.

చక్రి పనితీరు చూస్తే పాతకాలపు బృందం నడిపే మనిషి కనిపిస్తాడు. కౌసల్య, రఘు కుంచె, రవివర్మ లాంటి కొత్త గొంతులకు వరసగా మైకు ఇచ్చాడు. పేరున్న గాయకుడి తేదీ కోసం ఎదురుచూడకుండా ఎదురుగా ఉన్నవాడితో పాడించాడు. తాను కూడా పాడాడు. అతని బాణీలు తక్కువ స్వరాల్లో తిరుగుతాయి, పల్లవి రెండుసార్లు వింటే నోటికొస్తుంది. దాన్ని లోపమన్నవాళ్లున్నారు. బతుకమ్మ పాట కూడా నాలుగైదు స్వరాల మధ్యే రాత్రంతా నడుస్తుంది. గుంపు పాడుకోవడానికి కట్టే బాణీకి అంతకంటే ఎత్తు పనికిరాదు. ఆ కొలతతో చూస్తే చక్రి తెలిసే చేశాడనిపిస్తుంది. 2005లో కృష్ణవంశీ ‘చక్రం’ కోసం సిరివెన్నెల రాసిన ‘జగమంత కుటుంబం’ వింటే ఆ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. చక్రవర్తి కుమారుడు శ్రీ దాన్ని పాడాడు. బరువైన సాహిత్యం, తేలికైన బాణీ. మాటకు అడ్డం పడకుండా సంగీతం పక్కకు జరిగి నిలబడింది. వంశీతో చేసిన ‘అవును వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు’లో మళ్లీ వేరే మనిషి కనిపిస్తాడు. 2010 ‘సింహా’కు నంది పురస్కారం వచ్చింది. 2014 డిసెంబర్ 15న నలభై ఏళ్లకే పోయాడు. పద్నాలుగేళ్లలో ఎనభైకి పైగా సినిమాలు. ఆ వేగంలో కొన్ని పాటలు ఒకదానికొకటి పోలి ఉన్న మాట నిజమే. కొంచెం నిదానించి ఉంటే ఏం చేసేవాడో అన్న బాధ అతని మంచి పాటలు విన్నప్పుడల్లా కలుగుతుంది.

కీబోర్డు కాలం తెచ్చిన ఒక ఇబ్బందిని కూడా చెప్పుకోవాలి. స్టూడియోలో పాటకు క్లిక్ పెడతారు. చెవిలో లోలకంలా ఒకే వేగంతో టిక్కు టిక్కుమంటుంటే దాని మీదే అందరూ పాడాలి, వాయించాలి. ఒగ్గు కథలో డోలు అలా నడవదు. కథ వేడెక్కే కొద్దీ దరువు బిగుస్తుంది. కథకుడు ఒక మాట దగ్గర ఆగితే డోలూ ఆగుతుంది, ఆయన ఎత్తుకుంటే అందుకుంటుంది. దాన్ని క్లిక్‌కు కట్టేస్తే ధ్వని మిగులుతుంది, ప్రాణం తగ్గుతుంది. పాట కింద కార్డులు పరచడంలోనూ ఇదే చిక్కు. నాలుగు స్వరాల పల్లె బాణీ కింద మైనర్ కార్డు పెడితే సంబరం పాట విషాదగీతమైపోతుంది. బాణీ మారలేదు, అర్థం మారింది. తెలంగాణ పాటలో సినిమావాళ్లు చేసిన మేలూ కీడూ చాలామటుకు ఈ రెండు చోట్లే జరిగాయి.

2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’ ఈ విషయంలో పెద్ద మలుపు. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి తన ప్రాంతపు చావు ఇంటి కథనే తీశాడు. భీమ్స్ సిసిరోలియో సంగీతం, కాసర్ల శ్యామ్ సాహిత్యం. చివరి ఘట్టంలో దుగ్గొండి ప్రాంతానికి చెందిన బుడగ జంగాల దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ కథ పాడతారు. ఎడిటర్ తొందరపడలేదు, సంగీతం ముందుకు తోసుకురాలేదు. ఆ సినిమా చూడడానికి పల్లెల్లో తెరలు కట్టుకుని ఊళ్లు ఊళ్లే కూర్చున్నాయి. సరిగ్గా పది రోజులకు మార్చి 13న వరంగల్ వైపు చల్లగరిగెకు చెందిన కవి చంద్రబోస్, స్వరకర్త కీరవాణి ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ అందుకున్నారు. ప్రపంచమంతా ఆ వార్తే. కానీ ఉత్తర తెలంగాణ సంగీత చరిత్ర రాసేవాళ్లకు మార్చి 3 ఎక్కువ బరువైన తేదీ. ఆ రోజు బాణీ తన సొంత గొంతుతో, సొంత నడకతో తెరకెక్కింది. మొగిలయ్య మరుసటి ఏడాది డిసెంబర్‌లో కన్నుమూశారు. ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు 71వ జాతీయ చలనచిత్ర పురస్కారం వచ్చింది.

బాణీ ఎవరిదన్న ప్రశ్న 2024లో మళ్లీ వీధిన పడింది. అందెశ్రీ ‘జయ జయహే తెలంగాణ’ను రాష్ట్ర గీతం చేస్తూ దాని సంగీతం కీరవాణికి అప్పగించారు. తెలంగాణ సంగీతకారుల నుంచి అభ్యంతరాలు లేచాయి. కీరవాణి ప్రతిభ మీద కాదు ఆ గొడవ. తెలంగాణ ఉద్యమ కాలంలో వేల గొంతులు పాడుకున్న పాటను తిరిగి కూర్చే అధికారం ఎవరికుండాలన్నదే. చివరికి జూన్ 2న కీరవాణి కూర్పుతోనే అది విడుదలైంది. అభ్యంతరం చెప్పినవాళ్లు అడిగిన ప్రశ్న న్యాయమైనదే.

చట్టం ఈ విషయంలో సగం దూరమే వచ్చింది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, సినిమా పాట ఇతర చోట్ల మోగినప్పుడు కవికీ స్వరకర్తకూ వచ్చే రాయల్టీ వాటాను నిర్మాత రాయించుకోకుండా కట్టడి చేశారు. అరేంజర్‌కు, ప్రోగ్రామర్‌కు విడిగా అలాంటి చోటు లేదు. ఒగ్గు బాణీని, బతుకమ్మ నడకను తీసుకున్నప్పుడు అసలు అడగాల్సిన మనిషే కాగితం మీద ఉండడు. కనీసం చేయగలిగిన పని ఒకటుంది. ఏ ఊరి బాణీ, ఏ బృందం దగ్గర విన్నారు, ఎవరు వాయించారు అన్నది టైటిల్స్‌లో వేయడం. దానికి ఖర్చు లేదు, చట్టం మారాల్సిన పనీ లేదు. సంగీత దర్శకుడి పేరు పక్కనే ఇంకో రెండు వరుసలు పడితే చాలు.