మనవడు అమెరికన్ సిటిజనేనా?

గుడివాడ, ఉయ్యూరు, కంకిపాడు... మన వైపు ఏ ఊరెళ్ళినా "మా మనవడు అక్కడే పుట్టాడు, అమెరికన్ సిటిజన్" అని చెప్పే తాతగారు ఒక్కరైనా తగులుతారు. 2025 జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టిన ఆర్డర్ సరిగ్గా ఆ మాట మీదే పడింది. తల్లి హెచ్-1బి మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేకపోతే, నెల రోజుల తర్వాత నుంచి పుట్టే బిడ్డ అమెరికన్ కాదన్నారు. అమల్లోకి రాకముందే సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆపేశారు.

గొడవంతా ఒక్క వాక్యం దగ్గర. 1868 నాటి 14వ సవరణ: అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడినవాళ్ళు పౌరులు. అప్పటిదాకా బానిసలుగా బతికిన నల్లజాతి వాళ్ళ కోసం రాశారు. మరి వలస వచ్చినవాళ్ళ పిల్లలు?

ఆ ప్రశ్నని కోర్టు దాకా తీసుకెళ్ళింది వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టాడు. చైనా వెళ్ళి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కాదంటూ లోపలికి రానివ్వలేదు. 1898లో సుప్రీంకోర్టు 6-2 మెజారిటీతో పౌరుడేనని తేల్చింది. ఇప్పుడు ట్రంప్ లాయర్లు ఏమంటారంటే, వాంగ్ తల్లిదండ్రులు అక్కడే స్థిరంగా కాపురమున్నారు, వీసా వాళ్ళు తాత్కాలికం అని. నాకు ఇది అతకలేదు. పన్ను అక్కడే కడతారు, తప్పు చేస్తే అక్కడి జైలుకే పోతారు. ఇంకా లోబడటం అంటే ఏంటి?

కానీ ఆగండి. దాదాపు అదే వాక్యం 1947 ఏప్రిల్ 29న మన రాజ్యాంగ సభ ముందుకొచ్చింది. మరీ విశాలంగా ఉందని కొందరు సభ్యులు అడ్డం తిరిగితే, ఇరుకుగా ఆలోచించొద్దని పటేల్ వాదించారు. 1955 పౌరసత్వ చట్టం కూడా పుట్టుకకే ఓటేసింది. తర్వాత మనమే తలుపు మూశాం. 1987 జులై 1 నుంచి పుట్టినవాళ్ళకి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ పౌరులవ్వాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవాళ్ళు అక్రమ వలసదారు కాకూడదు.

అంటే మా నాన్నకి విజయవాడలో పుట్టడం ఒక్కటే చాలింది. నాకు చాల్లేదు, నాన్న కూడా కావాల్సొచ్చింది! అక్కడ పుట్టిన మన పిల్లల హక్కు గురించి గట్టిగా మాట్లాడేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు డౌటే.

ఇక ఆ తాతగారికి. ఒకవేళ ఆ ఆర్డరే నెగ్గినా, అమ్మానాన్నలు భారత పౌరులైతే బిడ్డ ఏ దేశానికీ చెందకుండా పోనక్కర్లేదు. ఏడాదిలోపు అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో పుట్టుక రిజిస్టర్ చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి.