మిషను బండి చక్రము

1822లో లండన్ మిషనువారు కడపలో పని ప్రారంభించిన నాటికి మన సీమలో రైలు లేదు. తరువాత కర్నూలు గ్రామాలకు గూడ పాదిరిదొరలు గుడారములను, మందులపెట్టెను ఎద్దుల బండ్లపైననే చేర్చిరి. మేము చూచిన నివేదికలలో దొరల పేర్లున్నవి. ఇరుసులకు కందెన పెట్టినవారి పేర్లు లేవు.

శతవార్షికోత్సవ ఊరేగింపు కొరకు మా ఆవరణలోని పాత గూడు బండిని కదల్చబోగా ఎడమ చక్రము తిరుగలేదు. యౌవనస్థులు సుత్తితో మోదగా ఒక ఆకు చీలినది. తొందరపెట్టినది మేమే.

పిలిపించిన వడ్రంగి పెద్దాయన, “అయ్యగారూ, ముందు బ్రేకు చూడాల గదా!” అన్నాడు. నిజమే. బ్రేకు మొద్దు ఇనుప పట్టాకు ఆనుకొని, దాని మర తుప్పుతో బిగిసియున్నది. దానిని వదులు చేసి, ఇరుసు క్రింద దిమ్మె పెట్టి, సీల ఊడదీసి, కుండలోనికి కిరసనాయిలు పోసి రాత్రంతా ఉంచినాడు. ఆముదములో గడ్డి మసి కలిపిన పాత కందెన దుమ్ముతో చేరి రాయి అయినదట. మరునాడు ఆకులను ముట్టక, కుండ వెనుక కట్టె ఆనించి చుట్టూ మెల్లగా కొట్టగా చక్రము వచ్చినది.

మన ఎండలకు కొయ్య కుదించుకొని పట్టా వదులగును. నీట నానవేసిన బిగువు నాలుగు దినములే. పట్టాను కోసి, అతికి, ఎర్రగా కాల్చి తొడిగి నీరు పోయవలెను. ఆ పని, చీలిన ఆకు మార్చిన పిదప, కమ్మరి చేసెను.

నంద్యాల నుండి గిద్దలూరికి నల్లమల కనుమ దిగు బండికి బ్రేకే ప్రాణము. లేనిచో బరువంతయు ఎద్దుల మెడలమీదికి వచ్చును. మేము చెరువు కట్ట దిగి పరీక్షించితిమి. బండి కుడికి లాగినది. పెద్దాయన ఎడమ మొద్దును వ్రేలెడు ముందుకు జరిపి, మరల ఎక్కుమన్నాడు.