సరదా పందెం బతుకుతెరువు అయిన కథ



మా మిట్టేమరి నుంచి బాగేపల్లికి వస్తే బెంగళూరు, హైదరాబాదు నగరాలను కలిపే జాతీయ రహదారి ఎదురవుతుంది. ఆ రోడ్డు మీద దూసుకుపోయే కార్లను చూస్తూ పెరిగే పిల్లలకు నేను పాఠాలు చెబుతుంటాను. ఒకనాడు ఏడో తరగతి కుర్రవాడొకడు లేచి, "సార్, కారు రేసులు తోలేది కూడా ఉద్యోగమవుతుందా?" అని అడిగాడు. తరగతంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంతకు కొన్నేళ్ల ముందు మా బడిలో చదివిన కుర్రవాడే ఒకడు రాత్రిపూట ఆ రోడ్డు మీద స్నేహితులతో బైకు పందెం కట్టి కాలు పోగొట్టుకున్నాడు. అందుకని, రేపు చెబుతానని వాణ్ణి కూర్చోబెట్టాను. మరునాడు చెప్పిన సంగతులే మీకూ మనవి చేస్తాను.

మన దక్షిణాదిన కారు పందేలు కలిగినవారి కాలక్షేపంగా మొదలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మద్రాసు దగ్గర షోలవరంలో విమానాల కోసం వేసిన దారి ఒకటుండేది. యుద్ధం ముగిశాక 1950ల నుంచి అక్కడ పందేలు జరిగాయి. ఆదివారం పందెంలో పాల్గొన్నవారు సోమవారం తమ మిల్లుకో, ఆఫీసుకో వెళ్లేవారు. గెలిస్తే కప్పు, చప్పట్లు. బతుకుతెరువు మాత్రం వేరే. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందేల కోసమే కట్టిన ట్రాకు వచ్చింది. ట్రాకు సరే, మరి కారు? విదేశీ రేసు కారు తెప్పించాలంటే ధర ఒక ఎత్తు, దిగుమతి సుంకం మరొక ఎత్తు.

ఈ చిక్కుముడి విప్పినవాడు కోయంబత్తూరు వాసి ఎస్. కరివర్ధన్. కోయంబత్తూరు బట్టల మిల్లుల చరిత్రలో మనలాగే సరిహద్దుకు అవతల ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడుకునే నాయుళ్ల పాత్ర పెద్దది. కరివర్ధన్‌ది కూడా మిల్లుల కుటుంబమే. స్వయంగా పందేలు తోలినవాడు. 1983లో మన రోడ్ల మీదికి వచ్చిన మారుతి 800 కారు ఇంజను తీసుకుని, ఒక్కరే కూర్చునే రేసు కారును ఆయన ఇక్కడే తయారు చేయించాడు. అదే ఫార్ములా మారుతి. దీని గొప్ప రెండు విషయాల్లో ఉంది. ఇంజను భాగాలు ఏ ఊళ్లోనైనా దొరికేవి. పైగా అందరి కార్లూ ఒకటే రకం కనుక ఎవరి జేబు బరువన్నది కాదు, ఎవరి చేయి తిరిగిందన్నది తేలేది. 1995లో విమాన ప్రమాదంలో ఆయన కన్నుమూశాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో వెలిసిన ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

ఆ మారుతి కార్లలో చేయి తిప్పుకున్నవాడే నారాయణ్ కార్తికేయన్. కోయంబత్తూరు వాడే; 1977లో పుట్టాడు. తండ్రి ర్యాలీలలో పేరుపొందినవాడు. నారాయణ్ 1992లో ఫ్రాన్సులోని రేసింగ్ బడికి వెళ్లాడు. 1994లో బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు పోటీలు, 1996లో ఫార్ములా ఏషియా గెలిచాడు. 2005లో జోర్డాన్ జట్టులో చేరి, ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. అంటే బడి నుంచి అక్కడికి చేరడానికి 13 ఏళ్లు పట్టింది. ఆ ఏడాది అమెరికా పందెంలో నాలుగో స్థానం వచ్చింది. టైర్ల గొడవతో మిగతావారు తప్పుకోగా ఆనాడు పోటీ పడినవి ఆరు కార్లే. అయినా ఆ ఆరింటిలో ఒకదానిలో ఉండటానికి 13 ఏళ్లు నిలబడాలి కదా!

సరదాకూ వృత్తికీ తేడా ఇక్కడే ఉంది. సరదాకు మన డబ్బు మనం ఖర్చు పెడతాం. వృత్తిలో మన ఫలితాలు చూసి మరొకరు ఖర్చు పెట్టాలి. ఆ ఫలితాలు రావాలంటే లైసెన్సు, హెల్మెట్, వైద్యుడు, నియమాలు ఉన్న ట్రాకు మీదే రావాలి. హైవే మీద గెలిచిన పందేన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మరి కలిగిన ఇంట పుట్టనివారి మాటేమిటి? నిజం చెప్పాలంటే కారు దారి నేటికీ ఖరీదైనదే. మోటారు సైకిలు దారి కొంత నయం. మన పక్కనే బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ 2015లో డాకర్ ర్యాలీని పూర్తి చేసిన తొలి భారతీయుడయ్యాడు. 2021లో అదే ర్యాలీలో పడిపోయి తలకు తీవ్ర గాయమై ఆస్పత్రి పాలయ్యాడు. అన్ని జాగ్రత్తల నడుమ జరిగే పోటీలోనే అంత ప్రమాదముంటే, లారీలు తిరిగే రోడ్డు సంగతి చెప్పాలా?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్క వీధుల్లో విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ జరిగింది. అక్కడ కూడా ఒక్కొక్క కారులో కూర్చున్నది ఒక్కడే. ఆ కారును సిద్ధం చేసినవారు ఎందరో.

ఇంతా విని మా కుర్రవాడు మళ్లీ లేచాడు. "సార్, ఆ ఇంజను విప్పి బిగించేవాడికి జీతమిస్తారా?"

"ఇస్తారు" అన్నాను. ఈసారి తరగతిలో ఎవరూ నవ్వలేదు.