భక్తి జీవనం (పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ బోధ)

జెనీవా పీఠాధిపతి పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ (1567–1622) సంసారంలో ఉన్న కతోలికులకు చూపిన సాధనా మార్గం. ఒక గృహిణికి రాసిన ఉత్తరాల నుంచి రూపుదిద్దుకున్న ఆయన గ్రంథం ‘భక్తి జీవన ప్రవేశిక’ 1609లో వెలువడింది. సన్యాసి భక్తి వేరు, బిడ్డల తల్లి భక్తి వేరు. ఇంటి బాధ్యతలు గాలికొదిలేసే భక్తి నిజమైనది కాదంటారాయన. ఉదయం ధ్యానం ముగించి లేచేటప్పుడు, తోటలోంచి వచ్చేవాళ్లు పువ్వు తెచ్చుకున్నట్టు, ఒక్క ఆలోచననైనా వెంట తీసుకెళ్లి రోజంతా తలచుకోవాలి. రాత్రి ఆత్మశోధన, తరచుగా పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాద స్వీకరణ దీనికి తోడు. తప్పు చేసినప్పుడు తనమీద తాను మండిపడక, మెత్తగా మందలించుకుని మళ్లీ నడవమన్నారు; ఆయన బోధలో అత్యంత విలువైన మాట బహుశా ఇదే. ఆయన నివసించిన అన్నెసీలో, ఆయన పేరిట 19వ శతాబ్దంలో ఏర్పడిన సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరి, ఉత్తరాంధ్రలో కతోలిక సేవ సాగించారు.